తోడు ముద్ద

మా వీధిలో పిల్లి ఆరోగ్యం దాని పాదాల్లో తెలుస్తుంది. వన్ టౌన్‌లో గాలి ఓడరేవు వైపు నుంచి తిరిగిన రోజు కిటికీ గూట్లో, ఆరేసిన తువ్వాళ్ల మీద, మూత పెట్టడం మరిచిపోతే మంచినీళ్ల బిందెలో కూడా సన్నటి నల్లనుసి పడుతుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి దాన్ని ఎవరం పట్టించుకోం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడుస్తాం, అంతే. పిల్లులూ అంతే, నాకి నాకి తమను తాము తుడుచుకుంటాయి. మా పిల్లికి ఒళ్లంతా బూడిదరంగు చారలు, నాలుగు పాదాలు మాత్రం తెలుపు. వినాయకచవితి వెళ్లిన వారం ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే దాని ముందరి పాదాలు రెండూ మసిగా ఉన్నాయి. ఎక్కడ బొగ్గుల్లో పొర్లి వచ్చావే అని తిట్టాను. మర్నాడూ అలాగే ఉన్నాయి. మూడోరోజు నేనే తడిగుడ్డ తెచ్చి తుడిచాను. పాదం ముట్టుకుంటే చెయ్యి చీరేసే పిల్లి ఒక్కొక్క పాదమే నా చేతికిచ్చి ఊరుకుంది. ఎంత మంచిదానివైపోయావే అని మెచ్చుకున్నాను కూడా. నా తెలివి అలాంటిది.

నాకు యాభై నాలుగేళ్లు. ఓడల కాగితాలు చూసే ఒక చిన్న ఆఫీసులో పని. పెళ్లి కాలేదు. కుదిరినదాన్ని నేనే చెడగొట్టుకున్నాను, ఆ సంగతి ఇప్పుడు అనవసరం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి, ఈ రెండు గదుల ఇంట్లో దిగి, ఇక్కడే పోయాడు. అమ్మ పోయి నాలుగేళ్లు. ఇంట్లో నేనూ, పిల్లీ. దానికి పేరు పెట్టలేదు. ఉన్నది ఒక్కటే అయినప్పుడు పేరెందుకు, ‘పిల్లీ’ అంటే పలికేది.

నాన్నది షిఫ్టుల పని. ఒక వారం తెల్లవారకుండానే వెళ్లేవాడు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఏ వేళకు ఇంటికొచ్చినా అమ్మ ఆయన్ని ఒక్కణ్ణీ తిననిచ్చేది కాదు. తను తినేసి ఉన్నా సరే, పక్కన కంచం పెట్టుకుని రెండు ముద్దలు కలుపుకునేది. తనకు కుదరకపోతే నన్ను కూర్చోబెట్టేది. పరీక్షలకు చదువుకుంటున్నా సరే, పుస్తకం పక్కన పెట్టి నాన్న ఎదురుగా కూర్చుని నాలుగు మెతుకులు నోట్లో వేసుకోవాలి. దాన్ని మా ఇంట్లో ‘తోడు ముద్ద’ అనేవాళ్లం. ఒంటరిగా తిన్నది ఒంటికి పట్టదని అమ్మ నమ్మకం. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ నమ్మకం మరీ ముదిరేది. నాకు పదకొండో ఏట టైఫాయిడ్ వచ్చి నోరు చేదెక్కి ఏదీ దిగనప్పుడు, నాన్న షిఫ్టు దిగి వచ్చి నా ఎదురుగా కూర్చుని, నాకు కాచిన చప్పిడి జావే తనూ ఒక గ్లాసు తాగాడు. తాగుతుంటే ఆయన మొహం ఎలా పెట్టాడంటే, నాకు నవ్వొచ్చి నా గ్లాసు కూడా ఖాళీ అయిపోయింది.

పిల్లి మా ఇంటికొచ్చింది అమ్మ చివరి ఏడాదిలో. అమ్మకు తిండి సహించని రోజులవి. నేను కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని, ఆవిడ మెతుకులు కెలుకుతూ ఉండేది. అప్పటికి చారెడంత ఉన్న ఈ పిల్లి వచ్చి ఇద్దరికీ మధ్య కూర్చునేది. దానికి పెట్టాలనైనా అమ్మ చేప ముల్లు తీసేది, తీసినప్పుడు తనూ ఒక ముక్క తినేది. అమ్మ పోయాక వచ్చినవాళ్లు నాలుగు మంచి మాటలు చెప్పి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. పిల్లి మాత్రం అమ్మ పీట ఎక్కి కూర్చుంది. ఆ నాలుగేళ్లూ నేను ఒక్కదాన్నే తిన్న పూట లేదు.

అలాంటిది తినడం మానేసింది. ముందు అన్నం మానేసింది, వేషాలనుకున్నాను. తర్వాత పాలు. తర్వాత కవళ్ల చేపలు పులుసు పెట్టిన రోజు కూడా వాసన చూసి మొహం తిప్పుకుంది. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే చేపలావిడ దగ్గర పొద్దున్నే నెత్తళ్లు తీసుకుని, ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టి, వేలితో నలిపి పెట్టాను. గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వెళ్లిపోయింది. గుడ్డు పెట్టాను, కోడి కాలేయం పెట్టాను. మందుల షాపువాడిచ్చిన పిల్లల విటమిన్ చుక్కలు వేశాను. చేత్తో పట్టుకుంటే వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు, అలా అయిపోయింది.

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య మెడెత్తు గోడ, పైన గాజుపెంకులు. ఒక మూల విరిగి, మనిషి దూరడానికి చాలదు గానీ పిల్లి దూరేంత సందుంటుంది. ఆ పక్కన డెబ్భై ఏళ్ల ఆవిడ ఒక్కతే ఉంటుంది. క్యాథలిక్కులు. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది, భర్త లేడు. ఈ ఊళ్లో అక్కని అప్ప అంటారు, నేనూ ఆవిణ్ణి అప్పా అనే పిలుస్తాను. ఆవిడకొక తెల్లటి గండుపిల్లి ఉంది. మసి పడే వీధిలో మల్లెపువ్వులా ఉండేది. రోజులో సగం సేపు నాక్కోవడమే దాని పని, మిగతా సగం తిండి.

“ఏటే పిల్లా, మీ గుంట అలగ ముడుసుకుని కూకున్నాది?” అని అడిగింది అప్ప ఒక ఆదివారం గోడ మీదుగా.

“తినట్లేదప్పా. వారం నుంచి ఏదీ ముట్టడం లేదు.”

“ఎండిపోనాదే. డాక్టరుకి సూపించినావా?”

“చూపిస్తాను, సెలవు దొరకాలి.” మా యజమాని పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. ఇక పిల్లి కోసం సెలవంటే నవ్వుతాడేమోనని నాకు భయం. నిజం చెప్పాలంటే సెలవు కంటే ఆ నవ్వుకే జంకాను.

ఆ మాట అంటుండగానే తెల్లపిల్లి గోడ సందులోంచి దూరి వచ్చి, మా పిల్లి వదిలేసిన నెత్తళ్ల గిన్నెలో మూతి పెట్టింది. మా పిల్లి ముడుచుకున్న చోటు నుంచి బుస్సుమంది. తెల్లపిల్లి లెక్క చేయలేదు. ఇది లేచి వచ్చింది. ఒక్క క్షణం చూసి, దాని తలను తన తలతో పక్కకు తోసి, తనూ తినడం మొదలుపెట్టింది. రెండు మూతులూ ఒకే గిన్నెలో. నేను కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. సగం గిన్నె తినేసింది. నాకు ఏడుపొచ్చింది. అప్ప గోడవతల శిలువ గుర్తు వేసుకుంది.

అమ్మ మాట ఎంత నిజమో చూడండి అని ఆఫీసులో అందరికీ చెప్పాను. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ బంతి భోజనం. మొదట మర్యాదగా రెండు గిన్నెలు పెట్టి చూశాను. మా పిల్లి తన గిన్నె వైపు చూడను కూడా చూడలేదు, తెల్లపిల్లి తినే గిన్నెలోనే తింటానంది. సరే అని అమ్మ కంచం తీసి ఇద్దరికీ అందులోనే వడ్డించాను. ఎదురుగా నా కంచం. అప్పకు తోడు ముద్ద సంగతి చెబితే తెగ నచ్చింది. సాయంత్రం ఆరయ్యేసరికి గోడ మీదుగా కేకేసేది: “ఇదిగో, మావోణ్ణి డూటీకి పంపుతన్నాను!”

నెల పైనే అలా నడిచింది. తిండి నోట్లో పడుతోంది గానీ ఒంటికి మాత్రం పట్టడం లేదు. పాదాలు తుడిచే పని నాదే అయిపోయింది. తిన్నాక తెల్లపిల్లి మా పిల్లి మొహం, చెవులు నాకేది, ఇది కళ్లు మూసుకుని నాకించుకునేది. అది చూసి స్నేహమంటే ఇదీ అనుకునేదాన్ని. దీపావళి ముందు ఒకరోజు మా పిల్లి ఆవులిస్తుంటే చిగుళ్లు చూశాను. గులాబిరంగుండాల్సినవి సున్నం వేసినట్టున్నాయి. మర్నాడు యజమానికి మా పిన్నికి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి, కూరగాయల బుట్టలో దాన్ని కూర్చోబెట్టి, పైన పాత చున్నీ కట్టి ఆటో ఎక్కాను.

డాక్టరు చిన్నమ్మాయి, ముప్పై ఉంటాయేమో. చెయ్యి మెత్తన. చిగుళ్లు నొక్కి చూసింది, మెడ కింద గడ్డలు తడిమింది, జ్వరం చూసింది. కాలి దగ్గర బొచ్చు తీసి రక్తం లాగి, ఒక చుక్క చిన్న ప్లాస్టిక్ పలక మీద వేసింది. పది నిమిషాలు చూడాలంది. ఆ పది నిమిషాలూ పిల్లి బల్ల మీద నా మోచెయ్యికి తల ఆనించి పడుకుంది. పలక మీద రెండు గీతలు వచ్చాయి.

ల్యుకేమియా వైరస్ అంది. పిల్లుల నుంచి పిల్లులకే వస్తుంది, మనుషులకు రాదు, భయపడకండి అంది. రక్తం తయారవడం తగ్గిపోయిందనీ, పూర్తిగా నయం చేసే మందు లేదనీ, ఆకలి పుట్టడానికి మాత్ర ఇస్తాననీ, తింటే కొన్నాళ్లుంటుందనీ నిదానంగా చెప్పింది. అంతా విని, మరి ఇది ఎలా వస్తుందండీ అని అడిగాను.

“ఎక్కువగా ఉమ్మి వల్లనండి. ఒకే గిన్నెలో రోజూ తినడం, ఒకదాన్నొకటి నాక్కోవడం, అలా. మీ ఇంట్లో వేరే పిల్లులున్నాయా?”

“లేవండి,” అన్నాను.

మా ఇంట్లో లేవు మరి. పక్కింట్లో ఉన్నదాని గురించి ఆవిడ అడగలేదు. ఆ జవాబు నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆటోలో కూర్చుని కాన్వెంటు జంక్షన్ దాకా వచ్చాక గానీ నేనేమన్నానో నాకు వినిపించలేదు.

ఇంటికి రాగానే పాత ఇస్త్రీ బల్ల చెక్క గోడ సందుకు అడ్డంగా పెట్టి, దానికి రోలు ఆనించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సాయంత్రం ఆరింటికి తెల్లపిల్లి అవతల నుంచి చెక్కను గీకింది. వెనకాలే అప్ప తల కనబడింది.

“ఏటిది, మూసేసినావు? డాక్టరు ఏటన్నాది?”

“రక్తం తక్కువైందట. కదలకుండా విశ్రాంతిగా ఉంచమన్నారప్పా.”

“మరి తోడు నేకపోతే తింటాదేటే?” అంది అప్ప. నా మాట నాకే అప్పజెప్పింది. నేను కూర్చుంటానుగా అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆఫీసులో పేరు. ఈ ఒక్క గింజ మాత్రం అక్కడే ఉండిపోయింది. అప్పుడే చెప్పి ఉంటే ఆవిడ తన పిల్లిని తీసుకెళ్లి చూపించుకునేది, దానికేం కావాలో డాక్టరు చెప్పేది. చెబితే నా వైపు ఆవిడ చూసే చూపు మారిపోతుందని చెప్పలేదు. ఇంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

ఆకలి మాత్ర పావు ముక్క చేసి నోట్లో వేస్తే మొదటి నాలుగైదు రోజులు కాస్త తింది. ఆ తర్వాత మాత్ర కూడా పని చేయలేదు. చేప చల్లారితే వాసన రాదని డాక్టరు చెబితే, ప్రతిసారీ వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి వెచ్చబెట్టేదాన్ని. సూది తీసేసిన సిరంజితో చేపల నీళ్లు బుగ్గ పక్క నుంచి పోసేదాన్ని. సగం మింగేది, సగం నా చీర మీద. అది నన్ను చూసి దాక్కోవడం మొదలుపెట్టింది. సిరంజి కడిగిన చప్పుడు వినబడితే బీరువా కిందికి పోయేది. నాలుగేళ్లు నాతో తిన్న ప్రాణి నన్ను చూసి భయపడుతుంటే ఎలా ఉంటుందో ఎవరికి చెబుతాం?

కార్తీక సోమవారం వచ్చింది. మా అమ్మ ఉల్లిపాయ కూడా తరగని రోజు. ఆ రోజు నేను నెత్తళ్లు ఉడకబెట్టి, ఉప్పు లేకుండా నలిపి, దాని గిన్నెలో కొంచెం పెట్టి, నా కంచంలో కొంచెం పెట్టుకుని, దాని ఎదురుగా నేల మీద కూర్చుని తిన్నాను. నాన్న జావ తాగినప్పటి మొహమే పెట్టి ఉంటాను. అప్పుడు నాకు నవ్వొచ్చి తాగేశాను. పిల్లులు నవ్వవు. అది నా వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, గోడ సందుకు పెట్టిన చెక్క వైపు చూసింది.

ఆ వారం చివర మూడు రోజులు ఒక్క ముద్ద లేదు. సిరంజితో పోసింది కూడా బయటికే. వచ్చే వారం దాకా ఉంటుందని చెప్పలేనంది డాక్టరు ఫోన్లో. బాధ ఎక్కువైతే తీసుకురండి, నిద్రపోవడానికి ఇంజెక్షన్ ఇస్తానంది. ఆదివారం వచ్చింది. అప్ప పూజకు గుడికి, అంటే వాళ్ల చర్చికి, వెళ్లింది. వాళ్ల గుడి గంట మా పెరట్లోకి వినిపిస్తుంది. ఎండ బాగా కాసింది. పిల్లి పెరట్లో గోనె మీద పడుకుని ఉంది. చెక్క అవతల తెల్లపిల్లి అరుస్తోంది. దాని గొంతు వినగానే మా పిల్లి చెవి కదిలింది. మూడు రోజులుగా నా గొంతుకు కదలని చెవి.

నేను వెళ్లి రోలు జరిపి చెక్క తీశాను.

తెలియక కాదు. డాక్టరు చెప్పిన ప్రతి మాటా గుర్తుంది. అమ్మ కంచంలో వెచ్చటి నెత్తళ్లు వేసి ఇద్దరి ముందూ పెట్టాను. మా పిల్లి లేవలేక లేచి వచ్చింది, తలతో తెల్లదాని తలను తోసింది, తింది. నేను వేసినదంతా తిని, కంచం అంచు నాకింది. తర్వాత తెల్లపిల్లి దాని మొహం, చెవులు, మసిగా ఉన్న పాదాలు ఓపిగ్గా నాకింది. ఎన్నో రోజుల తర్వాత ఆ పాదాలు తెల్లగా అయ్యాయి. పావుగంట అయి ఉంటుంది. పూజ అయిన గంట వినిపించగానే తెల్లపిల్లిని అటు నెట్టి, చెక్క పెట్టి, రోలు ఆనించి, కంచాన్ని చింతపండుతో రెండుసార్లు తోమాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందంటారు. ఆ పూట కళ్లు మూసుకున్నది పిల్లి కాదు.

గురువారం మధ్యాహ్నం అది పోయింది. నేను ఆఫీసుకు వెళ్లలేదు. పీట పక్కనే, గోనె మీద, రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని ఆగిపోయింది. ఇంజెక్షన్ దాకా కూడా రానివ్వలేదు.

మా పెరడంతా సిమెంటు. అప్ప పెరట్లో కరివేపాకు చెట్టు కింద నాలుగడుగుల మట్టి ఉంది. చెప్పకముందే ఆవిడే గునపం తెచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, నన్ను తవ్వనివ్వలేదు. “నువ్వు దాన్ని ఎత్తుకో, సాలు,” అంది. పాత చున్నీలో చుట్టి పెట్టాం. ఆవిడ ఏదో ప్రార్థన గొణిగింది. తెల్లపిల్లి మట్టి వాసన చూస్తూ చుట్టూ తిరిగింది. ఆవిడ మట్టిలో నా పిల్లిని పెట్టుకుని, నేను చెప్పాల్సింది అప్పుడు కూడా చెప్పలేదు.

“రక్తం సెడిపోనాది, పాపం. నీ సేతుల్లో ఏటున్నాది,” అని ఓదార్చింది. తల ఊపాను.

ఆ తర్వాత నా భోజనం గురించి చెప్పడానికేమీ లేదు. పొయ్యి దగ్గరే నిలబడి తినేదాన్ని. రోజూ పొద్దున్నే గోడ మీదుగా తొంగి చూసి తెల్లపిల్లి తెల్లగా ఉందా లేదా అని చూసుకునేదాన్ని. ఉండేది. క్రిస్మస్‌కు అప్ప అరిసెలు పంపింది. అప్పటికీ తెల్లగానే ఉంది. సంక్రాంతి వెళ్లింది. ఏమీ కాలేదు, పెద్ద పిల్లులు తట్టుకుంటాయట అని ఎక్కడో విన్న మాట పట్టుకుని నెమ్మదించాను. ఈస్టరు ముందు అప్పవాళ్లు ఉపవాసాలుండే తపస్కాలం మొదలైన వారం, ఆరేసిన బట్టలు దులుపుతూ గోడ మీదుగా చూశాను. తెల్లపిల్లి ఎండలో కూర్చుని ఉంది. దాని వీపు మీద సన్నగా నల్లనుసి.

రోలు జరిపి చెక్క తీసి పిలిచాను, సందులోంచి నెమ్మదిగా వచ్చింది. తడిగుడ్డతో పాదం తుడిచాను. ఊరుకుంది. మిగతా మూడు పాదాలూ కూడా తుడిచాను.

ఆ సాయంత్రమే అప్పతో అన్నాను, దీన్ని డాక్టరుకు చూపిద్దామని. “ఏటైనాది దీనికి? ముసలోడైపోతన్నాడు, అంతే,” అంది గానీ వచ్చింది. అదే బుట్ట, అదే ఆటో స్టాండు. డాక్టరు నన్ను గుర్తుపట్టింది. పలక మీద రెండు గీతలు రాగానే నా వైపు తిరిగి, కోపంగా కాదు, ఆశ్చర్యంగా అడిగింది.

“వేరే పిల్లులు లేవన్నారు కదండీ?”

అప్ప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. డాక్టరు ఆవిడకు మొత్తం మొదటి నుంచి చెప్పింది: ఉమ్మి, ఒకే గిన్నె, నాక్కోవడం. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పుడు చెప్పలేమని కూడా అంది. గండుపిల్లులు బయట కొట్లాడి కూడా తెచ్చుకుంటాయట, ఇదే ముందు తెచ్చి ఉండొచ్చట. ఆ మాట నాకు ఎంత కమ్మగా వినిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఆటోలో అప్ప బుట్ట ఒళ్లో పెట్టుకుని, పైన కప్పిన తువ్వాలు మీద చెయ్యి వేసి కూర్చుంది. వీధి మలుపులో దిగాక అంది.

“పోనీలేయే. నీకేటి తెలుసు, నాకేటి తెలుసు. నానే కదా డూటీకి పంపినాను. తెలీక సేసినదానికి పాపం నేదు. తెలిసి సేసిందే పాపం. ఏడవకు.”

అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఆవిడ క్షమించేసింది, డాక్టరు కూడా ఎవరి తప్పో తెలియదంది. కానీ ఆ మాట పట్టుకుని ఇంట్లోకి వెళ్లి నేను పొయ్యి దగ్గర నిలబడి అన్నం తినలేను. ఆవిడ వెనకాలే వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ పిల్లిని దింపి నాకు మంచినీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పాను.

“అప్పా, ఒక్క పూట తెలిసే చేశాను. డాక్టరు చెప్పాక, నువ్వు గుడికి వెళ్లిన ఆదివారం. మా పిల్లి మూడు రోజులుగా ఏమీ తినలేదు. చెక్క తీసి మీవాణ్ణి పిలిచాను. ఒకే కంచంలో పెట్టాను.”

ఆవిడ పొయ్యి మీద గిన్నె మూత సర్దింది. సర్దిందాన్నే మళ్లీ సర్దింది. ఏమంటుందా అని నేను చూస్తున్నాను. తిట్టినా బాగుండేది.

“ఆ పూట తిన్నాదా?” అంది.

“తింది.”

“ఎంత?”

“పెట్టిందంతా. కంచం నాకింది.”

అప్ప కళ్లనిండా నీళ్లొచ్చాయి. నా చేతిలో గ్లాసు తీసుకుంది. “ఎల్లు పిల్లా, ఇంటికెల్లు,” అని నా వెనకాల తలుపు వేసి గడియ పెట్టింది. ఆ ఇంటి గడియ చప్పుడు నేను అంతకు ముందు వినలేదు. పగటిపూట ఎప్పుడూ వెయ్యదు.

చాలా రోజులు గోడవతల నుంచి పలకరింపు లేదు. ఎదురుపడితే తల దించుకుని వెళ్లేది. నేను పలకరించడానికి ధైర్యం చాలలేదు. ఒకటి రెండుసార్లు వేడినీళ్ల గిన్నెలో గిన్నె తగిలే చప్పుడు వినబడింది, చేప వెచ్చబెడుతోందని తెలిసింది. గోడ సందు అటువైపు నుంచి కూడా మూసి ఉంది, ఏదో రేకు పెట్టింది. పెట్టక్కర్లేదు, ఇటు నుంచి రావడానికి ఎవరూ లేరు.

ఈస్టరు దగ్గరపడి, మట్టలాదివారం ముందు ఒకరోజు సాయంత్రం ఆరింటికి నేను ఆఫీసు నుంచి వచ్చి తాళం తీస్తుంటే గోడ మీదుగా పిలిచింది.

“ఇదిగో.”

వెళ్లాను. మొహం పీక్కుపోయి ఉంది.

“రెండ్రోజులై ముద్ద ముట్టలేదు. నానొక్కదాన్నే కూకుంటే సూడ్డం నేదు.” నా వైపు చూడకుండానే అంది. “నీ కంచం అట్టుకుని రా.”

అమ్మ కంచం తీసుకుని వెళ్లాను. ఆవిడ వంటింట్లో నేల మీద చాప పరిచి ఉంది. పిల్లి గోడ వారగా పడుకుని ఉంది, తెలుపన్నది ఎక్కడా లేదు. దాని ముందు ఉప్పులేని నెత్తళ్లు వెచ్చగా పెట్టి, మా ఇద్దరి కంచాల్లోనూ అవే వడ్డించింది. నేను ఇటు, ఆవిడ అటు కూర్చున్నాం. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఆవిడా పెట్టుకుంది. పిల్లి తలెత్తి నన్ను చూసింది, తర్వాత నా వెనక తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. ఇంకెవరో రావాలన్నట్టు చాలాసేపు అటే చూసింది.

“తిను నాయనా, తిను,” అంది అప్ప.

ఆ పూట అది తినలేదు. మేమిద్దరం తిన్నాం.